వార్డులో ఒక పరుగు

“కట్! ఎవరది మాట్లాడింది?” అన్నాడు దర్శకుడు ప్రాసర్.

బ్రిస్టల్ శివార్లలో ఒక గోదాములో వేసిన ఆసుపత్రి సెట్టు అది. మంచం మీది కుర్రవాడి గుండె ఆగిపోతుంది. గుమ్మం దగ్గరున్న నర్సు అతని వైపు నడుస్తుంది. దృశ్యం అంతే.

పక్క మంచం రోగికి చుట్టంగా కూర్చోబెట్టిన ముసలామె చెయ్యెత్తింది. పేరు మ్యూరియెల్. ఆ ఉదయమే వచ్చిన ఎక్స్‌ట్రా.

“నేనేనండీ. ఆ అమ్మాయిని పరుగెత్తమనండి.”

ఎక్స్‌ట్రాలు పెదవులు కదపవచ్చు. గొంతు మాత్రం పెగలకూడదు. అక్కడి నియమం అది.

“తల్లీ, మిమ్మల్ని పిలిచింది కూర్చోవడానికి. కథ నడపడానికి కాదు.”

అమెరికా నుంచి వచ్చిన నిర్మాత కెస్లర్ నవ్వాడు.

“ఆవిడే నయం. మా సీరియల్లో అయితే ఈపాటికి ఆరుగురు దూకేవాళ్లు. ఒకడు గుండెల మీద గుద్దేవాడు, ఇంకొకడు కరెంటు షాకు ఇచ్చేవాడు. కుర్రాడు లేచి కూర్చుని ప్రియురాలి పేరు పలికేవాడు.”

“అంత గందరగోళంలోనూ మీ డాక్టరు క్రాపు చెదరదు!” అన్నాడు ప్రాసర్.

“మీ డాక్టరో? మనిషి పోతే ‘క్షమించండి’ అని టీ ఇప్పిస్తాడు.”

“మా దగ్గర పోయేవాడు పోతాడయ్యా. ఇది నిజంగా జరిగింది. మన రచయిత్రి ఎవరి దగ్గరో విని రాసింది. నిప్పంటుకుంటేనో నెత్తురు కారిపోతుంటేనో తప్ప పరుగెత్తకు, రోగులు బెదిరిపోతారు అని వెనకటి నర్సులకు నూరిపోసేవారు. నాకు కావలసింది ఆ నడకే.”

మ్యూరియెల్ లేచి నిలబడింది.

“ఒక్కసారి తీయండి సార్. మీరు వాడుకోవద్దు. ఆ పిల్ల పరుగెత్తితే వాడు బతుకుతాడేమో చూస్తాను.”

“చూసేదేముందమ్మా? కాగితం మీద చచ్చిపోయాడుగా!”

“తెలుసండీ. అయినా.”

మంచం మీది నటుడు ఒక కన్ను తెరిచాడు. “బతకడానికి నాకేమీ అభ్యంతరం లేదు.”

అందరూ నవ్వారు, ఆమె తప్ప.

మళ్లీ కెమెరా తిరిగింది.

గుండె ఆగిందని చెప్పే యంత్రం మోత ఆగకుండా సాగింది. నర్సు గుమ్మం నుంచి కదిలింది, నిదానంగా, చెప్పినట్టే.

కుర్చీ పడిన చప్పుడు.

మ్యూరియెల్ పరుగెత్తింది. ఆ వయసుకు అది పరుగు కాదు, పడిపోవడాన్ని వాయిదా వేసుకుంటూ పోవడం. నర్సు కంటే ముందు చేరింది. కుర్రవాడి ఛాతీ మీద రెండు అరచేతులూ ఆనించింది.

“వచ్చేశాను నాన్నా,” అంది. “వచ్చేశాను.”

ప్రాసర్ ‘కట్’ అనడం మరిచిపోయాడు. గుర్తొచ్చాక అరిచాడు.

“బయటికి పంపండి! ఇక పిలవకండి!”

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

తరువాత ఎన్నిసార్లు తీసినా దృశ్యం కుదరలేదు. నర్సు వేషం వేసిన అమ్మాయి అడుగులు వాటంతట అవే తొందరపడ్డాయి.

“నడవలేకపోతున్నాను సార్,” అంది ఏడుపు గొంతుతో.

సాయంత్రం తీసినవన్నీ తెర మీద వేసుకున్నారు.

“మీ వార్డులోనూ ఒక అమెరికన్ పుట్టింది!” అన్నాడు కెస్లర్.

ప్రాసర్ నవ్వలేదు. ఆ పరుగును మళ్లీ వేయించాడు. తక్కినదంతా నటన అని అప్పుడు తెలిసింది.

“ఆవిడను పిలిపించండి.”

ఫోను మోగి మోగి ఆగిపోయింది. గేటు దగ్గర ఆమె ఇచ్చేసి పోయిన గుర్తింపు బిళ్ల ఉంది. ఇక రానని చెప్పి వెళ్లిందట.

అప్పుడే వచ్చిన రచయిత్రి ఇమెల్డా తెర వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఈవిడ ఇక్కడికెందుకు వచ్చింది?”

“నీకు తెలుసా?” ప్రాసర్ గొంతు తగ్గింది. “ఆ కుర్రవాడి తల్లి, కదూ? నాకు ముందే తట్టి ఉండాల్సింది.”

“తల్లి కాదు.”

ఇమెల్డా కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

“పరుగెత్తినా దక్కేవాడు కాదని డాక్టర్లు అప్పుడే చెప్పారట. ముప్పై ఏళ్లయినా ఆవిడ నమ్మలేదు. ఈ కథ నాకు చెప్పిందే ఆవిడ.”

“మరి ఎవరామె?”

“ఆ రోజు నడిచి వెళ్లిన నర్సు.”