తొమ్మిది వందల గ్రాములు

"ముట్టకు!"

యాసర్ అరుపుకు బోగీలో సగం మంది తిరిగి చూశారు.

ఎదురు సీటులోని ముసలాయన లాప్‌టాప్ వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మహబూబాబాద్‌లో రైలెక్కాడాయన. మాసిన చొక్కా, కాళ్ల దగ్గర గోనెసంచీ. సంచీ నిండా చెడిపోయిన ఛార్జర్లు, తెగిన వైర్లు. పాత సామాన్లు కొనేవాడని ఎవరైనా చెప్పేస్తారు.

"గుంజుకపోను బిడ్డా. తడిసిందంటున్నరు కదా, చూస్తనంటున్న."

"నువ్వు చూస్తవా? గిది పాత రేడియో అనుకున్నవా? తొమ్మిది వందల గ్రాములు! గిసొంటిది జన్మల చూసినవా?"

యాసర్ డోర్నకల్ స్టేషన్‌లో టికెట్లిచ్చే గుమాస్తా. జీతం రైల్వేది, ధ్యాసంతా లాప్‌టాప్‌లది. ఏ కంపెనీ కొత్త టాబ్ తెచ్చింది, ఏది కాగితమంత పలచన, ఏది ఎన్ని గ్రాములు... నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. టికెట్ కోసం వచ్చినవాళ్లు కూడా ఆ ఉపన్యాసం విన్నాకే రైలెక్కాలి.

చెల్లెలు ఫర్హానా పాత లాప్‌టాప్ చూస్తే అతనికి ఒళ్లు మండేది. "గది లాప్‌టాపా, రోలా?" అని పోరు పెట్టి పెట్టి, చివరికి దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి ఈ పలచటిది కొనిపెట్టాడు.

ఈ పలచటి దాంట్లోనే ఫర్హానా ఆరేళ్ల కష్టమంతా ఉంది. ఊరూరా తిరిగి ముసలమ్మల చేత పాడించుకున్న దక్ఖనీ పెళ్లిపాటలు. నూట పన్నెండు. పాడినవాళ్లలో తొమ్మిది మంది ఇప్పుడు లేరు. పీహెచ్‌డీ పుస్తకం ఇవ్వడానికి ఇంకా పదిహేను రోజులే గడువు.

ఇంకెక్కడైనా కాపీ పెట్టుకుంటానంటే "ఎందుకే, కొత్తది గట్టిది" అన్నాడు అన్న. ఆమె నమ్మింది.

అయిదు రోజుల కింద దాని మీద చాయ్ ఒలికింది.

యాసర్ దాన్ని తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పూడ్చాడు. ఫోన్ తడిస్తే ఇంటింటా చేసే వైద్యమే. మూడు రోజులు ఆ డబ్బా ఎవరినీ ముట్టనివ్వలేదు, ఇంటిల్లిపాదీ చపాతీలే తిన్నారు. అయినా అది లేవలేదు.

మహబూబాబాద్ దుకాణాల్లో చూపిస్తే అందరిదీ ఒకటే మాట. "మాతోని కాదు. జనగామల ప్రభుదాస్ సార్ ఉన్నడు. ఆయన చెయ్యి పడితే సచ్చింది గూడ లేస్తది."

ఇప్పుడు అన్నాచెల్లెళ్లు పోతున్నది ఆయన దగ్గరికే.

"భాయ్, జర చూడనియ్యి. ఏమైతది?" ఫర్హానా మెల్లగా అంది.

"నీకు తెల్వది, ఊకో. చేతికిస్తే వచ్చే స్టేషన్ల దిగి ఉరుకుతడు."

ముసలాయన ఆ మాట విన్నాడు. నొచ్చుకున్నాడు కూడా. అయినా లేచి పోలేదు.

"బిడ్డా, ఒక్క మాట. స్విచ్ నొక్కకు. ఛార్జింగ్ అసలే పెట్టకు. పైన ఆరినట్టే కనపడ్తది, లోపల తడి ఉంటది. ముందుగాల బ్యాటరీ తీగ ఊడదీయాలె. రెండు నిమిషాల పని..."

సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీశాడో లేదో, యాసర్ లేచి ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టేశాడు.

"పోతవా, పోలీసోళ్లను పిలువాల్నా?"

పక్కవాళ్లూ తలా ఒక మాట వేశారు. "గిసొంటోళ్లు మస్తు తిరుగుతున్నరు రైళ్లల్ల."

ముసలాయన సంచీ భుజానికెత్తుకుని పక్క బోగీలోకి వెళ్లిపోయాడు. ఫర్హానా ఆయన్ను ఆపడానికి లేవబోయింది. కానీ అన్నను కాదనడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

కాజీపేట దాటాక యాసర్‌కు మనసు నిలవలేదు.

"మూడు దినాలు బియ్యంల పెట్టిన. ఇంక తడి ఏడుంటది? పాత ఇనుపసామానోడు నాకు చెప్తడా!"

ఛార్జర్ తీసి రైల్లోని ప్లగ్గులో పెట్టాడు.

తెర ఒక్కసారి తెల్లగా వెలిగింది. "యా అల్లా!" అంటూ ఫర్హానా అన్న చెయ్యి పట్టుకుంది. అంతలోనే ఆరిపోయింది.

"చూసినవా? పానం ఉంది దాంట్ల!"

జనగామలో దిగేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

దుకాణంలో ప్రభుదాస్ లేడు. భూలక్ష్మి అనే ఆమె ఉంది. పదేళ్లుగా ఆయన దగ్గరే పని నేర్చుకుని చేస్తోందట. ఫర్హానా చెప్పిన పాటల సంగతి విని, లాప్‌టాప్ అడుగు విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుంది.

చాలాసేపు తల ఎత్తలేదు.

"ఛార్జింగ్ పెట్టిండ్రా అన్నా?"

"రైల్ల... రెండు నిమిషాలు. గంతే."

"చాయ్‌తోని ఏం గాలే. కరెంటుతోని కాలింది." ఆమె ఫర్హానా వైపు తిరిగింది. "గీ పలచటి వాటిల్ల డిస్క్ విడిగ ఉండదక్కా, బోర్డుకే అతికి ఉంటది. మీ పాటలున్న చిప్పే మాడిపోయింది."

"ఒక్కటి గూడ రాదా?"

"రాదక్కా."

"ఒక్కటి. ఒక్క పాటన్న."

భూలక్ష్మి తల అడ్డంగా ఊపింది. ఫర్హానా ఏడవనైనా లేదు, స్టూలు మీద అట్లాగే కూలబడింది. చెల్లెలి మొహం చూసే ధైర్యం యాసర్‌కు లేకపోయింది.

"మీ సార్‌ను పిలువక్కా. ఆయన కాళ్లు పట్టుకుంట. ఎంత దూరమున్నా పోయి తోల్కొస్త. ఏడున్నడు?"

భూలక్ష్మి భూతద్దం తీసి పక్కన పెట్టింది.

"స్టేషన్లనే కూసున్నడన్నా. ఇందాక ఫోన్ చేసిండు. 'తడిసిన లాప్‌టాప్ పట్టుకోని అన్నాచెల్లెళ్లు మన తానికే వస్తుండొచ్చు. ఛార్జింగ్ పెట్టకుంటే గది నువ్వే తీస్తవు, నాతోని పని లేదు. రైల్ల నన్ను నూకిండు, నన్ను చూస్తే ఆ పిలగాడు సిగ్గుపడతడు. వాళ్లు పోయినంక చెప్పు, అప్పుడొస్త' అన్నడు."