జత గొర్రె

మాఘం పోకముందే ఎండ ముదిరింది. జానమ్మ గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తోంది. నల్లగొండలో పీయూసీ చదివే మనవడు బీరన్న గొర్రె కాళ్లు పట్టుకున్నాడు. పట్టు మాటిమాటికీ జారుతోంది.

"నిద్ర పడ్తలేదవ్వా. అన్నం ముందట కూసుంటే లోపటికి పోతలేదు. సదువు ఇడిసిపెడ్త."

జానమ్మ కత్తెర పక్కన పెట్టి, గొర్రెకు చూసినట్టే అతని కింది రెప్ప లాగి చూసింది.

"రోగం లేదు. అమ్మిన గొర్రె కొత్త మందల ఒంటిగ మెయ్యదు. జతకు ఇంకోదాన్ని తోలుతం. అది మేత మరిగినంక జతదాన్ని మర్ల తెచ్చుకుంటం."

"నేను గొర్రెనా అవ్వా?"

"గొర్రె నయం. పరీచ్చలున్నయని మేత ఇడిసిపెట్టది."

"మరి నాకు జతెవరు?"

"ముందుగాల గొర్రె కాళ్లు గట్టిగ పట్టు."

మర్నాడు పొద్దుటి బస్సుకు ఇద్దరూ నల్లగొండ వెళ్లారు. బీరన్న ఉండే కిరాయి అర్రలో జానమ్మ పూటపూటా జొన్నరొట్టెలు చేసింది. అతను తినేదాకా పుస్తకం తన ఒళ్లో పెట్టుకుంది.

పరీక్షలు రాసి బీరన్న ఒక్కడే ఊరికి వచ్చాడు. కాస్త ఒళ్లు చేశాడు. పక్క అర్రల్లోని పిల్లలకు ఇంకా పరీక్షలున్నాయని, వాళ్లు సరిగ్గా మేయడం లేదని జానమ్మ అక్కడే ఆగింది.

రోహిణి కార్తెలో ఆఖరి పిల్లవాడు బస్సెక్కాడు. ఆ మర్నాడు జానమ్మ ఎక్కింది.