ఊడని నౌకరి

"నౌకరి ఊడితే మా పిల్లకు ఏం పెడతవ్ బిడ్డా?"

శకుంతలమ్మ సూటిగానే అడిగింది. టీ కప్పు నోటిదాకా తీసుకెళ్లిన ఉజ్వల్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. అతనితో గండిపేట నుంచి మొయినాబాద్‌కు పెళ్లిచూపులకు వచ్చిన తల్లిదండ్రులు వెంకటరావు, సీత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుమ్మం దగ్గర పెళ్లికూతురు అనూహ్య చెవులు రిక్కించింది. ఉజ్వల్‌ను తప్ప ఎవరినీ చేసుకోనని ఆమె పట్టు. కానీ ఆ ఇంట్లో నానమ్మ శకుంతలమ్మ మాటే చివరి మాట.

"జర మెల్లగ అడుగమ్మా," అన్నాడు ఆమె కొడుకు, అనూహ్య తండ్రి మల్లేశ్.

"మెల్లగ అడిగితె నౌకరి ఆగుతదా? పక్కన మోకిల ఊర్ల చూస్తలేవా? పొద్దుగాల కంపెనీకి పోయినోళ్లు మాపటికి నౌకరి లేకుండ వస్తుండ్రు."

ఉజ్వల్ కప్పు కింద పెట్టాడు.

"నా ఉద్యోగం పోదండీ మామ్మగారూ. బ్యాంకులో మెయిన్‌ఫ్రేమ్ చూస్తాను. అంటే, అన్ని బ్రాంచీల లెక్కలూ నడిపే పెద్ద కంప్యూటర్. దాని ప్రోగ్రాములు నేను పుట్టకముందు రాసినవి. రాసినవాళ్లంతా రిటైరైపోయారు. తర్వాత వాటిని ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు."

"రేపు ఎవరన్న పట్టించుకొని మంచిగ చేస్తే?"

"చెయ్యరండీ. ఏటా అడుగుతూనే ఉన్నాం. నడుస్తోందిగా, ఎందుకు కదపడం అంటారు మా ఆఫీసర్లు."

"బంగారమసొంటి ఆఫీసర్లు," అంది శకుంతలమ్మ.

"ఇప్పుడు కదిపినా ప్రమాదమేనండీ. మొన్న ఒకచోట వడ్డీ లెక్క మారిస్తే, ఇంకోచోట జనం డిపాజిట్లు కనబడకుండా పోయాయి. రెండు రోజులు బ్యాంకంతా బంద్."

"మల్ల ఆ పైసలు ఎవలు దొరకవట్టిండ్రు?"

"నేనేనండీ. అందులో ఏది ఎక్కడుందో ఇప్పుడు నా ఒక్కడికే తెలుసు."

"మావాణ్ణి తీసేస్తే బ్యాంకే మూతపడుతుందండీ," అన్నాడు వెంకటరావు, మీసం సవరించుకుంటూ.

పొద్దుటినుంచి బిగుసుకున్న శకుంతలమ్మ ముఖం విప్పారింది.

"ఇంక ఫికర్ లేదు! ఆ కంప్యూటర్ గట్లనే ఉండాలె, దాన్ని ఎవ్వరూ బాగు చెయ్యొద్దు. మైసమ్మకు మొక్కుకుంట. అనూహ్యా, నిలబడి చూసుడేంది? మిఠాయి తే!"

అనూహ్య పరుగెత్తింది. సీత గట్టిగా ఊపిరి వదిలింది. శకుంతలమ్మ తన చేత్తోనే ఉజ్వల్ నోట్లో లడ్డూ పెట్టింది.

"ఇంతకూ ఏ బ్యాంకు బిడ్డా?"

"దక్కన్ సిరి బ్యాంకండీ. చేవెళ్లలో కూడా మా బ్రాంచి ఉంది."

శకుంతలమ్మ నవ్వు చెదరనివ్వలేదు. కొడుకు చెవి దగ్గరికి వంగింది.

"సంబంధం ఖాయం చేస్త. నువ్వు కారు తియ్, బ్యాంకు మూసేలోపు చేవెళ్లకు ఉరికి, మన భూమి అమ్మిన పైసలన్నీ తీసుకరా!"