రెండు దేశాల పట్టిక

"జింబాబ్వే వరస అంతా ఖాళీగా వదిలేశారేంటండీ?" సీతారత్నం భర్త భుజం మీదుగా ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసింది.

"వాళ్లు జర్మనీలో ఉన్నదే తక్కువ. లెక్కలు దొరకడం లేదు," అన్నాడు రవీంద్రనాథ్. "నెదర్లాండ్స్ వాళ్లవి మాత్రం బోలెడున్నాయి. ఉద్యోగాలు, జీతాలు, సొంతిళ్లు, పిల్లల చదువులు. అన్నిట్లోనూ బాగానే ఉన్నారు."

"అయితే వచ్చేది ఆ అబ్బాయే కావాలని దణ్ణం పెట్టుకోండి."

రవీంద్రనాథ్ ఇంగోల్‌స్టాట్ కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పట్టిక వేయనిదే ఏ నిర్ణయమూ తీసుకోడు. ఫ్రిజ్ కొన్నప్పుడు కూడా ఆరు వరసల పట్టిక వేశాడు. ఈసారి సంగతి అంతకన్నా పెద్దది. హాంబర్గ్‌లో విమానాల కంపెనీలో పనిచేస్తున్న కూతురు చంద్రిక పది రోజుల కిందట ఫోన్ చేసి, తన టీమ్‌లోనే ఒకతన్ని ఇష్టపడుతున్నానని చెప్పింది. మనవాడు కాదు, జర్మనూ కాదు అంది. టీమ్ ఫొటోలు తిరగేసి, అలాంటి వాళ్లు ఇద్దరే ఉన్నారని సీతారత్నం తేల్చింది. ఒకరు జింబాబ్వే నుంచి వచ్చిన టెండై. ఇంకొకరు నెదర్లాండ్స్ నుంచి వచ్చిన రూబెన్.

వాళ్లలో ఎవరే అని తల్లి ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చంద్రిక పేరు చెప్పలేదు.

"ఆదివారం మీతో మాట్లాడటానికి వస్తారమ్మా. నేనుంటే నాకు సిగ్గు, నేను రాను. నాన్నకి ఒకటే చెప్పు. ఆయన వద్దంటే నేను చేసుకోను," అని పెట్టేసింది.

ఆ ఒక్క మాటతో రవీంద్రనాథ్‌కి పది రోజులుగా నిద్ర సరిగా లేదు. ఔనన్నా కాదన్నా పిల్ల జీవితం తన నాలుక మీదే ఉంది.

ఆదివారం పన్నెండింటికి బెల్ మోగింది. సీతారత్నం కిటికీ తెర కొంచెం పక్కకి తీసి చూసింది.

"ఏవండీ, రూబెనే. ఫొటోలో ఉన్నట్టే పొడుగ్గా ఉన్నాడు. ఆ పట్టిక మూసేయండి."

రవీంద్రనాథ్ హమ్మయ్య అనుకున్నాడు.

రూబెన్ చేతిలో పూలగుత్తి, ఒంటి మీద ఇస్త్రీ కోటు. తెల్లవారకముందే హాంబర్గ్‌లో రైలెక్కాడట. కూర్చోగానే జర్మన్‌లో మొదలుపెట్టాడు. "చంద్రిక గురించి మాట్లాడటానికి వచ్చాను. ముందుగా మీకొకటి చెప్పాలి."

"ఏదైనా భోజనం అయ్యాకే," అంది సీతారత్నం, అతని ముందు పళ్లెం పెడుతూ.

రెండు గారెలు తిన్నాక అతను మళ్లీ గొంతు సవరించుకున్నాడు. "అసలు నేను వచ్చింది..."

"ఇంకోటి వేసుకోండి. రెండింటితో ఆపితే బాగాలేవని అర్థం మా ఇళ్లల్లో."

అతను బుద్ధిగా మూడోది అందుకున్నాడు.

రవీంద్రనాథ్ పట్టికలోని మొదటి ప్రశ్న తీశాడు. "ఈ దేశంలో కుదురుకోవడానికి ఇబ్బంది పడ్డారా?"

"నేనా? లేదండీ. సామాను కారులో పడేసుకుని వచ్చేశాను. వీసా అక్కర్లేదు. నా డిగ్రీ అసలుదేనా అని ఎవరూ అడగలేదు," అన్నాడు రూబెన్. "టెండై అలా కాదు. నా చదువే, నాకన్నా మంచి మార్కులు. మూడేళ్లు కాగితాలు పట్టుకుని తిరిగాడు. వీసా ఆఫీసులో ఒక్క అపాయింట్‌మెంట్ కోసం ఐదు నెలలు ఎదురుచూశాడు. అద్దె ఇంటికి నేను మూడు ఉత్తరాలు రాస్తే, అతను అరవై రాశాడు. ఇవాళ మా ఇద్దరిదీ ఒకే ఉద్యోగం, ఒకే జీతం. కానీ ఎవరు ఎంత దూరం నడిచి అక్కడికి చేరారో జీతం కాగితంలో ఉండదు కదా."

రవీంద్రనాథ్ పళ్లెం పక్కకి జరిపాడు.

"నేనూ అంతే," అన్నాడు. "వచ్చిన కొత్తలో కొలోన్‌లో పార్సిల్ గోడౌనులో ఎనిమిది నెలలు పెట్టెలు మోశాను. సంచిలో ఎంటెక్ పట్టా ఉండేది. ఎవరూ చూడలేదు. ఈ సంగతి చంద్రికకి కూడా చెప్పలేదు."

రూబెన్ చెంచా కింద పెట్టి విన్నాడు. తర్వాత కూడా టెండై గురించే చెప్పుకొచ్చాడు. చెల్లెలిని చదివించిన సంగతి, టీమ్‌లో ఎవరికి జ్వరమొచ్చినా వంట చేసి పట్టుకెళ్లే సంగతి.

మజ్జిగ తేవడానికి భర్తని వంటింట్లోకి పిలిచింది సీతారత్నం.

"తన గురించి ఒక్క ముక్క చెప్పడేంటండీ?"

"గొప్పలు చెప్పుకునే రకం కాదు."

"స్నేహితుణ్ణే ఇంత నెత్తిన పెట్టుకునేవాడు పెళ్లాన్ని ఎలా చూసుకుంటాడో మరి," అంది ఆవిడ మురిసిపోతూ.

రవీంద్రనాథ్ తిరిగొచ్చి నిలబడే మాట్లాడాడు. "మీరేం అడగడానికి వచ్చారో మాకు తెలుసు. మా జవాబు సరే."

రూబెన్ గబుక్కున లేచాడు. "దేశం గురించి, రంగు గురించి మీకు పట్టింపు లేదా?"

"పొద్దున దాకా ఉండేది. మీ మాటలు విన్నాక లేదు. ఇది నా మాట. మళ్లీ మార్చుకోను."

రూబెన్ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"పెళ్లి మాత్రం మా పద్ధతిలోనే," అంది సీతారత్నం.

"తప్పకుండా," అన్నాడు రూబెన్. "టెండై వాళ్ల పద్ధతిలో పిల్లనడగడానికి పెళ్లికొడుకు రాడు, స్నేహితుణ్ణి పంపిస్తాడు."