నెమళ్ల అంచు చీర

"ఆపమను! వాణ్ణి వెంటనే ఆపమను!"

మంగతాయారు కోడలి మణికట్టు పట్టుకుంది. మోకాళ్ల నొప్పులని పొద్దుటి నుంచీ మంచం దిగని మనిషిదేనా ఈ పట్టు అని అన్నపూర్ణకు అనుమానం వచ్చింది.

"ఏమైందత్తయ్యగారూ?"

"అది నా చీరే. నా పెళ్లి చీర. ఆ నెమళ్ల అంచు నేను మరిచిపోతానా?"

అన్నపూర్ణ గోడకు కట్టిన తెల్ల దుప్పటి వైపు చూసింది. దాని మీద మూకీ సినిమా ఆడుతోంది. నాయిక జమీందారు భార్య. ఆవిడకో గతం ఉంది. ఆ గతం తాలూకు ఉత్తరం రవికెలో ఉంది. రెండు నిమిషాలకోసారి దాన్ని తీసి, చదివి, ఏడిచి, మళ్లీ అక్కడే దాచుకుంటోంది. చింపి పారేస్తే సినిమా అయిపోతుంది గనక పారెయ్యడం లేదు.

కట్టుకున్నది మాత్రం నెమళ్ల అంచు పట్టుచీరే.

ఆ రీళ్లనీ, వాటిని ఆడించే యంత్రాన్నీ కలిపి అన్నపూర్ణ మొగుడు నాగేంద్రప్రసాద్ ఒమాన్‌లోని మత్రా బజారులో పాత సామాన్లవాడి దగ్గర కొన్నాడు. చెప్పకుండా కొన్న వస్తువుని నలుగురి ముందు విప్పితే పెళ్లాం ఏమీ అనదని అతని నమ్మకం. శుక్రవారం సెలవు కూడా కలిసొచ్చింది. తాముండే అజైబాలో ఇరుగూ పొరుగూ పదిమందిని పిలిచి, మిట్టమధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి, హాలు చీకటి చేశాడు. అందరికన్నా ముందు, పడక్కుర్చీలో, వాళ్ల నాన్నగారు.

అసలు భయం అక్కడే ఉంది. మామగారు రిటైరైన హెడ్మాస్టరు. గుబురు మీసాలు, తెల్లటి గడ్డం. తెలుగువాళ్లంతా కలిసి వేసే ఉగాది నాటకంలో చిన్న వేషం వేస్తానని అన్నపూర్ణ అడిగితే, ఆ పొద్దున్నే తీర్పు చెప్పేశారు. "మొహానికి రంగు పూసుకున్న మనిషి ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

"పెళ్లయిన కొత్తల్లో, టాకీలు రాకముందు, మద్రాసులో జరిగిందే" అంది మంగతాయారు గొంతు తగ్గించి. "రీళ్లు దాచిన గోదాము తగలబడిపోయిందంటే పీడా వదిలిందనుకున్నాను. నలభై అయిదేళ్లు గుట్టుగా లాక్కొచ్చాను. ప్రసాదుక్కూడా తెలీదు. ఇంత సముద్రం దాటొచ్చి ఇక్కడా బయటపడడం? ఇంతమందిలో మీ మామగారి పరువేం కాను?"

అన్నపూర్ణకు అర్థమైంది. మడి కట్టుకుంటే గాని పొయ్యి ముట్టనివ్వని అత్తగారు! రేడియోలో సినిమా పాట వస్తే చెవులు మూసుకునే అత్తగారు! మొదట ముచ్చటేసింది. తరవాత పడక్కుర్చీ వైపు చూసేసరికి ఆ ముచ్చట కాస్తా ఎగిరిపోయింది.

అన్నపూర్ణ లేచి మొగుడి పక్కకు వెళ్లింది. "ఏమండీ, కాఫీలు తాగి చూద్దాం. కాస్త ఆపండి."

"ఉత్తరం జమీందారు చేతికి చిక్కబోతోంది. ఇప్పుడా కాఫీ?"

"యంత్రం వేడెక్కింది. కాలిన వాసనొస్తోంది."

"అది నీ పకోడీలది."

పకోడీలు నిజంగానే మాడాయి. అన్నపూర్ణ పొయ్యి ఆర్పి వచ్చేసరికి జమీందారు ఉత్తరం చదవడం పూర్తి చేశాడు. నాయిక ఆయన కాళ్ల మీద పడి తలెత్తింది. ఒక్కసారిగా దుప్పటి నిండా ఆవిడ మొహమే పరుచుకుంది.

"అరే, అన్నపూర్ణా!" పక్కింటి వజీరున్నీసా హైదరాబాదీ. మనసులో మాట దాచుకునే అలవాటు పుట్టుకతోనే లేదు. "ఈ హీరోయిన్ ముక్కు చూడు! అచ్చం మీ సాబ్ ముక్కే! గడ్డం మీద ఆ సొట్ట కూడా!"

అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే వెనక్కి తిరిగి, యంత్రం వెలుతురులో ఉన్న ప్రసాద్ మొహం చూశారు. మళ్లీ దుప్పటి చూశారు. మళ్లీ ప్రసాద్‌ని చూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మంగతాయారు కొంగు మొహానికి కప్పుకుంది.

పడక్కుర్చీ కిర్రుమంది. మామగారు లేచి నిలబడ్డారు. ఆయన నీడ వెళ్లి నాయిక మొహం మీద పడింది.

"ప్రసాద్, కట్టెయ్."

ముప్ఫయ్యేళ్లు పిల్లల్ని వణికించిన గొంతు అది. ఇప్పుడదే వణికింది.

ప్రసాద్ ఇంకా మీట వెతుక్కుంటున్నాడు. అన్నపూర్ణ ఆగలేదు. వైరు పట్టుకుని గోడలోంచి లాగేసింది. ఎవరో కిటికీ దుప్పటి తప్పించారు. ఒమాన్ ఎండ హాల్లోకి ఫెళ్లున వచ్చి పడింది. వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోదామా, ఉండి చూద్దామా అని సందేహించి, ఉండిపోయారు.

మామగారి నుదురంతా చెమట. చేతులు బిగుసుకున్నాయి. భార్య వైపు తిరిగి, "మంగా..." అన్నారు.

అన్నపూర్ణ ఇద్దరి మధ్యకీ వెళ్లి నిలబడింది.

"మామయ్యగారూ, అత్తయ్యగారిని ఒక్క మాటంటే నేనూరుకోను. ఇంట్లోంచి పొమ్మంటే నేనూ ఆవిడతోనే వెళ్తాను. ఎప్పుడో చిన్నతనంలో, సరదాపడి సినిమాలో వేషం వేశారు. ఏం, కొంపలు మునిగాయా? ఎంత బాగా ఏడిచారో మీరూ చూశారుగా!"

మామగారు పడక్కుర్చీలో కూలబడిపోయారు.

మంగతాయారు మొహం మీది కొంగు విసిరి పారేసింది. నలభై అయిదేళ్లు ఓర్చుకున్న మనిషి, ఈ ఒక్క నింద ఓర్చుకోలేకపోయింది.

"నేను వేషమెయ్యడమేమిటే, బుద్ధిలేనిదానా! ఆ చీరొక్కటే నాది. కట్టుకుని ఏడిచింది మీ మామగారు!"