పాత సామాన్లలో దొరికిన అమ్మమ్మ

కెన్లీకి అమ్మమ్మ పాత సామాన్లలో దొరికింది.

ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట్లో పరిచి అమ్ముతున్న గిన్నెల మధ్య ఒక చిన్న బంగారు బ్యాడ్జీ కనబడింది. వెనక సన్నటి అక్షరాలు చెక్కి ఉన్నాయి: రోజమండ్ కల్పెపర్, 1959. లర్లీన్ పిన్ని దాన్ని గబుక్కున గుప్పిట్లో దాచేసింది.

"ఇది మాగ్నోలియా హౌస్ వాళ్ల బ్యాడ్జీయే! ఈ రోజమండ్ ఫొటో వాళ్ల మెట్ల దగ్గర వేలాడుతుంటుంది. ఒకప్పుడు వాళ్ల ప్రెసిడెంటు. పెళ్లయ్యాక అలాస్కా వెళ్లిపోయి మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇవాళ్టి నుంచి ఈవిడే మీ అమ్మమ్మ."

"మరి మా అమ్మమ్మ?"

"మా అమ్మ కోళ్లఫారంలో పనిచేసిందే పిచ్చిదానా. ఆవిడ పేరు చెబితే ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా పొయ్యరు. అదే వాళ్ల పాత సభ్యురాలి మనవరాలివంటే కుర్చీ వేసి కూర్చోబెడతారు."

అలబామాలో ఆగస్టు వచ్చిందంటే కాలేజీ అమ్మాయిలకు ఇదే యుద్ధం. సోరోరిటీలని అమ్మాయిల సంఘాలుంటాయి, ఒక్కోదానికీ ఒక్కో తెల్ల స్తంభాల ఇల్లు. చేరాలనుకున్న పిల్ల వారం రోజులు ఆ ఎండలో ఇల్లిల్లూ తిరిగి, దవడలు నొప్పి పుట్టేలా నవ్వాలి. రోజూ కొన్ని ఇళ్లు మొహమ్మీదే తలుపు వేస్తాయి. ఆఖరి రోజుకు కెన్లీకి మిగిలింది ఒక్క మాగ్నోలియా హౌసే. అది కూడా పోతే ఆ ఏడాదికి ఆశ వదులుకోవాల్సిందే.

ఆ ఇంటి అమ్మాయిలకు ముప్ఫై ఏళ్లుగా జుట్టు ముస్తాబు చేసేది లర్లీనే. వెనక గుమ్మంలోంచి వెళ్లి వెనక గుమ్మంలోంచే వచ్చేది. తన పిల్ల ఒక్కసారైనా ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్లాలని ఆవిడ కోరిక. పిచ్చి కోరికే. అయినా పెంచిన పిన్ని మొహం చూసి కెన్లీ కాదనలేకపోయింది.

"అబ్బాయిలు, మందు, మతం, రాజకీయం, డబ్బు. ఈ అయిదింటి ఊసూ ఎత్తకు," అంది లర్లీన్, కెన్లీ జుట్టు చుట్టలు తిప్పుతూ. "ఆకుకూర పెడితే ముట్టుకోకు, పళ్లలో ఇరుక్కుంటుంది. అమ్మమ్మ గురించి నీకు తెలియనిది అడిగారనుకో, 'అమ్మమ్మ నాకు అన్నీ చెప్పింది, కానీ ఇంటి విషయాలు బయట మాట్లాడను' అని ఒక చిన్న నవ్వు నవ్వు. అంతే."

ఆఖరి రోజు అందరూ తెల్లగౌన్లలో ఉన్నారు. పట్టపగలే పరదాలు దించి కొవ్వొత్తులు వెలిగించారు. ఇప్పటి ప్రెసిడెంటు మెరిడిత్, కెన్లీ గౌనుకు పెట్టుకొచ్చిన బ్యాడ్జీని తిప్పి చూసి కెవ్వుమంది.

"రోజమండ్ కల్పెపర్ గారి మనవరాలివా! అయ్యో, ముందే చెప్పొద్దూ? ఉండుండు, మిస్ ఒపల్‌ని పిలుస్తా. ఈ వేసవిలోనే అట్లాంటా నుంచి తిరిగొచ్చి మాకు పెద్దదిక్కుగా ఉంటున్నారు. ఆవిడ రోజమండ్ గారికి సొంత మేనకోడలు!"

ఈ మేనకోడలి సంగతి పిన్ని చెప్పనేలేదు.

ముత్యాల దండ, చేతికర్ర, ఎనభయ్యేళ్ల మిస్ ఒపల్ వచ్చింది. బ్యాడ్జీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది.

"అమ్మాయ్, మీ అమ్మమ్మ మా చుట్టాల గురించి ఎప్పుడైనా చెప్పేదా?"

కెన్లీ పిన్నిని తలుచుకుని చిన్న నవ్వు నవ్వింది.

"అమ్మమ్మ నాకు అన్నీ చెప్పింది మేడమ్. ఎవరు ఎవరో అంతా తెలుసు. కానీ ఇంటి విషయాలు బయట మాట్లాడను."

మిస్ ఒపల్ అందుకోబోయిన చల్లటి టీ గ్లాసు ఒరిగి ఆవిడ గౌను మీదే ఒలికింది. అయిపోయాననుకుంది కెన్లీ. అంతలో ఆవిడ కర్ర నేలకేసి కొట్టి, "అచ్చం మా అత్త ముక్కే! ఈ పిల్లని తీసుకోకపోతే నేను రేపటి నుంచి ఈ ఇంటి మొహం చూడను," అంది.

మర్నాడు కెన్లీ చేతికి పిలుపు కవరు వచ్చింది. ముందు గుమ్మంలోంచి పరిగెత్తి వెళ్తుంటే వీధిలో నిలబడి లర్లీన్ భోరుమని ఏడ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మిస్ ఒపల్ ఆగలేదు. కెన్లీకి మేడ మీద గాలి వచ్చే గది ఇప్పించింది. తన చేత్తో కొబ్బరి కేకు చేసి తెచ్చింది. మర్నాడు ఇంకోటి, ఆ మర్నాడు ఇంకోటి. అడిగినా ఎవరికీ టీ కూడా కలపని మనిషని అమ్మాయిలంతా నోళ్లు నొక్కుకున్నారు.

మూడో కేకు కెన్లీకి గొంతు దిగలేదు. ఇంత మంచి ముసలావిణ్ణి మోసం చేస్తున్నానని ఏడుపొచ్చింది. వరండాలో ఊగుడు కుర్చీల్లో ఇద్దరే ఉన్నప్పుడు కక్కేసింది.

"మిస్ ఒపల్, నన్ను పంపించేసినా సరే. నేను రోజమండ్ గారి మనవరాలిని కాను. ఆ బ్యాడ్జీ పాత సామాన్లలో కొన్నాం."

ఊగుతున్న కుర్చీ ఆగింది.

"అంటే... ఆవిడ నీకేమీ చెప్పలేదా?"

"ఆవిణ్ణి నేను మెట్ల దగ్గర ఫొటోలో తప్ప చూడలేదు మేడమ్."

మిస్ ఒపల్ ఆ పిల్ల ఒళ్లోని కేకు ప్లేటు విసురుగా లాక్కుంది.

"ఓసి నీ దుంప తెగ! ఈ మోకాళ్ల నొప్పులతో నీకు మూడు కేకులు చేసి పెట్టానే! అరవై ఏళ్ల కిందట నేను ఆవిణ్ణి మేనత్తని చేసుకున్నది కూడా ఆ ఫొటో చూసే!"