ఒకవైపే అచ్చు

"నాకు సూదీ వద్దు, మిషనూ వద్దు. ఇంటికి పోదాం పద," అంటూ హనుమంతరావు చెయ్యి దుప్పటిలో దాచేసుకున్నాడు.

డయాలసిస్ వార్డు నర్సు సువర్ణ సూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వారానికి మూడుసార్లు ఈ ఏలూరు ఆసుపత్రికి వస్తున్న మనిషే గానీ, ఇంత మొండికేయడం ఇదే మొదలు.

"మానేస్తే ఆయాసం వచ్చేస్తుందండీ. ప్రాణం మీదకొస్తుంది," అంది.

"రానీ అమ్మా. నేను పోతే ఎవరికి లోటు? జన్మలో ఒక్క కవితల పుస్తకం వేశాను. వట్లూరులో మా ఇంటి అటక మీద కట్టలు కట్టలుగా పడుంది. చదివిన నాథుడు లేడు."

పక్కనే ఉన్న ఆయన భార్య నాగరత్నం దుప్పటి అంచు సర్దింది. ఆవిడకి ఈ పాట కొత్త కాదు. పుస్తకం దర్జాగా ఉండాలని పేజీకి ఒకవైపే అచ్చు వేయించి, రెండోవైపు తెల్లగా వదిలేసిన మహానుభావుడాయన. ఆ కట్టలు మోసి అటకెక్కించింది మాత్రం ఆవిడే.

సువర్ణ విసుక్కుని పక్క మంచం వైపు తిరిగింది. అక్కడ మంగాయమ్మ అప్పటికే చెయ్యి చాపేసి ఉంది. కైకలూరు దగ్గర చేపల చెరువుల మీద పనిచేసే మనిషి. మధ్యాహ్నం బ్యాచి నుంచి ఇవాళే పొద్దుటి బ్యాచికి మారింది. సూది దిగుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని పైకే చదువుకుంది.

"ఎండిన కొల్లేరు ఏడవదు
నెర్రెల నోళ్ళు తెరుచుకుని
వానకోసం కూచుంటుంది..."

హనుమంతరావు తల గిరుక్కున తిరిగింది. అది ఆయన కవిత!

"ఏమమ్మా, అది... ఎవరు నేర్పారు నీకు?"

"బాగుంది కదండి! మనల్ని నీళ్ళు ఎక్కువ తాగొద్దంటారు కదండి. నాలుక పిడచగట్టుకుపోయినప్పుడు ఇది చెప్పుకుంటానండి. కొల్లేరంత కొల్లేరే ఓర్చుకుంటే, నేనెంతండి! రాసినాయనెవరో గానీ చల్లగా ఉండాలండి."

ఆ రాసినాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి తరవాతది చెప్పవేం?"

"నాకు దొరికింది సగవేనండి. మిగతాది తరవాత పేజీలో ఉండుంటది. అది ఎవరి పొట్లంలోకి పోయిందో!"

"పొట్లమా?"

"బజ్జీల పొట్లవండి. పాత బస్టాండు దగ్గర బండి. ఆ సగం దొరుకుద్దేమోనని, ఇక్కడికొచ్చినప్పుడల్లా ఓ పొట్లం కొంటన్నానండి."

"అందుకా నీ సంచీ అంతా నూనె వాసన! నీకు బజ్జీలు పడవని ఎన్నిసార్లు చెప్పాను?" సువర్ణ కస్సుమంది.

"అమ్మతోడు, నేను ముట్టను తల్లీ! బస్సులో కండక్టరుకిచ్చేసి కాయితం నేనుంచుకుంటాను. ఆయన లావైపోతన్నాడు పాపం."

వార్డంతా నవ్వింది, హనుమంతరావు తప్ప. ఆయన మెల్లగా భార్య వైపు చూశాడు. నాగరత్నం కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన మొహం కందగడ్డలా అయింది. ఏదో అనడానికి నోరు తెరిచాడు.

"మీకు గానీ తెలుసాండి మిగతాది?" మంగాయమ్మ ఆశగా అడిగింది. "వేసవంతా ఆ సగంతోటే లాక్కొచ్చానండి. ఈమధ్య అది చాలటం లేదండి."

ఆయన కోపం మానుకుని మంగాయమ్మ వైపు తిరిగాడు. నెమ్మదిగా చెప్పాడు.

"తమ్మిలేరు దారి మరిచిపోతే
బుడమేరు గుర్తుపెట్టుకుని వస్తుంది
కూచున్నవాళ్ళ దగ్గరికే
నీళ్ళు నడిచొస్తాయి."

మంగాయమ్మ పెదాలు కదుపుతూ ఒక్కొక్క ముక్కా తిరిగి చెప్పుకుంది. "నిజవేనండి. ఓ ఏరు ఎండిపోయినా కొల్లేట్లోకి బుడమేరు వస్తదండి," అంది. చెంపల మీదికి కారుతున్న నీళ్ళు తుడుచుకోను కూడా లేదు.

హనుమంతరావు దుప్పటిలోంచి చెయ్యి తీసి సువర్ణ ముందు పెట్టాడు.

మిషను తిరగడం మొదలయ్యాక భార్యని దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"నా పుస్తకాలు పాత కాయితాల కింద అమ్మేశావు కదూ?"

"అమ్మలేదండీ," అంది నాగరత్నం. "ఊరికే ఇచ్చాను. బజ్జీలు తెల్లటి వైపు వేసి, మీ కవిత పైకి కనబడేలా పొట్లం కట్టాలని బండివాడి చేత ఒట్టు వేయించుకుని మరీ ఇచ్చాను."